ఆరో నంబరు బెల్టు

కత్తెర పడ్డాక గానీ ఇంజనీరుకి నోరు పెగల్లేదు.

"ఏవండీ! ఏవండీ! ఏం చేస్తున్నారు?"

"కనిపించడం లేదా? కోస్తున్నాను," అంది ఆ అమ్మాయి, తల కూడా ఎత్తకుండా.

నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకుని తయారుచేసిన నడుం బెల్టు అది. ఆమె దాన్ని నాలుగు సెకన్లలో రెండు ముక్కలు చేసి బల్ల మీద పడేసింది. ఆసుపత్రి వెనక గేటుకి ఎదురుగా ఉన్న ఆ టైలరు కొట్టుకి అతను వచ్చింది బెల్టు కోయించుకోవడానికి కాదు, ఊడిపోయిన బకిల్ కుట్టించుకోవడానికి. పన్నెండింటికి దాన్ని కమిటీ ముందు పెట్టి చూపించాలి. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

"నేను చెప్పింది బకిల్ కుట్టమని!"

"విన్నాను. బకిల్ ఎందుకు ఊడిందో ముందు చెప్పండి."

"దారం వీక్."

"దారం తప్పేం లేదు. మీ బెల్టు మనిషిని వంగనివ్వడం లేదు. మనిషేమో వంగక మానడు. వీళ్ళిద్దరి గొడవలో బకిల్ చచ్చింది." ఆమె ముక్కని వేలితో తట్టింది. చెక్క మీద తట్టినట్టు టక్కుమంది. "కొలతలు ఎలా తీశారు?"

"త్రీడీ స్కాన్. మిల్లీమీటరు తేడా కూడా ఉండదు." ఈ మాట అన్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"నిలబెట్టి తీశారా, వంగబెట్టి తీశారా?"

ఇంజనీరు ఆలోచించాడు. "నిలబెట్టి."

"ఆసుపత్రిలో ఆయమ్మలు పేషెంట్లని నిలబడి ఎత్తుతారా?"

ఆమె మెడలో టేపు తీసి "వంగండి" అంది.

"ఎవరు, నేనా?"

"లేకపోతే మా నాన్న వంగుతారా?"

మూలన కటింగ్ బల్ల దగ్గర ఒక పెద్దాయన చాక్‌తో గీతలు గీస్తూ కిసుక్కున నవ్వారు. ఊళ్ళో అందరూ ఆయన్ని మాస్టరు అంటారు. ఇంజనీరు వంగాడు. జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయి అతని వీపు మీద టేపు పెట్టింది. దానికి సంతోషించే తీరిక కూడా లేకపోయింది, పాపం.

"నిలబడితే పదహారు. వంగితే పద్దెనిమిదిన్నర," అంది ఆమె. "మీ మిల్లీమీటర్ల లెక్కలో ఈ రెండున్నర అంగుళాలు ఎక్కడికి పోయాయండీ?"

అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మామూలు షాక్ కాదు అది. అయిదేళ్ళు చదివి, ఆరేళ్ళు మెషీన్లు డిజైన్ చేసినవాడికి ఒక టేపు ముక్క కొట్టిన చెంపదెబ్బ.

"ఇక లేవచ్చు. బట్టని నిలువుగా కోస్తే మొండిగా ఉంటుంది. క్రాస్‌గా కోస్తే సాగుతుంది. పక్కన రెండు క్రాస్ ముక్కలు వేస్తాను. ఒళ్ళు ఎటు పోతే బెల్టు అటు వస్తుంది. ముప్పావుగంట కూర్చోండి."

"కుదరకపోతే?"

"కుదరకపోతే రెండు ముక్కలు పట్టుకుని కమిటీకి వెళ్ళండి. ఒక్క ముక్కగా ఉన్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టింది గనక!"

ఇంజనీరు స్టూలు మీద కూలబడ్డాడు. ఆమెకి ఆ క్షణంలోనే మనసులో ఒక పేరు పెట్టేశాడు. కత్తెర.

ఇంతకీ మెషీన్లు చేసుకునేవాడికి నడుం బెల్టుల గోల ఎందుకంటే, వాళ్ళమ్మ వల్ల. ఆమె ఆ ఆసుపత్రిలోనే ఆయమ్మ. వార్డంతా పెద్దాయమ్మ అని పిలుస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా మంచం మీది మనుషుల్ని లేపడం, తిప్పడం, కుర్చీలో కూర్చోబెట్టడం ఆమె పని. కిందటేడు ఒక భారీ మనిషిని లేపుతూ తనే కూలిపోయింది. మూడు వారాలు వెల్లకిలా పడుకుంది. ఇంకోసారి ఇలా అయితే వార్డు పని ఇవ్వలేమని ఆసుపత్రివాళ్ళు తేల్చి చెప్పారు. పని లేకపోతే ఆమె వారం రోజులు కూడా బతకదని కొడుక్కి తెలుసు. ఉద్యోగం మానేసి, కొత్త ఆలోచనలకి చోటిచ్చే ఒక ఇన్నోవేషన్ సెంటర్‌లో గది సంపాదించి, అమ్మ కోసం బెల్టు మీద బెల్టు చేశాడు. ఇవాళ్టిది కాక ఆరు. ప్రతి బెల్టూ ముందుదాని కన్నా గట్టిగా చేశాడు. ప్రతిసారీ అమ్మ "ఇది ఇంకా బాగుందిరా" అంది. బెల్టు గట్టిపడేకొద్దీ నొప్పి తగ్గుతోందని గోడ మీద గ్రాఫ్ గీసి పెట్టుకున్నాడు. ఆ ధైర్యంతో ఏడోదాన్ని ఏకంగా పలకలా చేశాడు. దాని బకిలే ఇవాళ పొద్దున ఊడింది. "మా వెనక గేటు దగ్గర కొట్టుంది, పోయి కుట్టించుకో" అని అమ్మే పంపింది.

పన్నెండింటికి సెంటర్‌లో డైరెక్టరు మేడమ్ బెల్టుని స్వయంగా కట్టుకున్నారు. అరవై కిలోల ఇసుక నింపిన బొమ్మని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చారు. మళ్ళీ మంచం మీదికి మార్చారు. మూడోసారి కూడా మార్చబోతుంటే కమిటీవాళ్ళే ఆపారు.

"కట్టుకున్నట్టే లేదే!" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ పక్క ముక్కల ఆలోచన ఎవరిది?"

"మా టీంది మేడమ్."

"టీంలో ఎంతమంది?"

"ఇవాళ పొద్దున్నుంచి ఇద్దరం."

అతని గ్రాఫ్, ఈ బెల్టు రెండూ చూసి కమిటీ ఆరు వారాల ట్రయల్‌కి ఒప్పుకుంది. అదే ఆసుపత్రిలో పదకొండు మంది ఆయమ్మలకి పదకొండు బెల్టులు. అతను గాల్లో తేలుతూ కొట్టుకి పరిగెత్తాడు.

"మీరు నా దగ్గర పనిచేయాలి!"

"నేను ఎవరి దగ్గరా పనిచేయను," అంది కత్తెర. "కావాలంటే మీరే వచ్చి నా దగ్గర చేయండి."

చేశాడు. చేయక చస్తాడా?

రోజూ పొద్దున ఇద్దరూ వార్డుకి వెళ్ళేవాళ్ళు. ఆమె ఆయమ్మల్ని వంగబెట్టి, మెలితిప్పి, మంచం పక్కన కూర్చోబెట్టి కొలతలు తీసేది. అతను రాసుకునేవాడు. మధ్యాహ్నం కొట్టులో అతను లెక్క కడితే ఆమె కోసేది. ఆమె కోసింది చూసి అతను లెక్క మార్చుకునేవాడు. వీపు వెనక వేసే పట్టీలు ఎంత గట్టిగా ఉండాలో అతనికి తెలుసు. ఎక్కడ ఒరుసుకుంటాయో ఆమెకి తెలుసు. ఇద్దరి తెలివీ కలిపితే గానీ ఒక బెల్టు తయారయ్యేది కాదు.

"ఇక్కడ ఫోర్స్ ఎక్కువ పడుతుంది," అనేవాడు అతను.

"పడనీండి. అక్కడ చెమట కూడా పడుతుంది. మీ ఫోర్స్‌కి దద్దుర్లు రావు, ఆయమ్మకి వస్తాయి."

ఒకరోజు అతను చెప్పాపెట్టకుండా మాస్టరుగారి కటింగ్ బల్ల నాలుగు కాళ్ళ కిందా చెక్క దిమ్మలు పెట్టి ఆరు అంగుళాలు ఎత్తాడు. మాస్టరు గుడ్లురిమారు. సాయంత్రానికి మెడ పట్టుకుని చూసుకున్నారు. మర్నాడు పొద్దున మళ్ళీ చూసుకున్నారు.

"నలభై ఏళ్ళు వంగి కోశాను బాబూ," అన్నారు విస్తుపోయి. "మెడ నొప్పి టైలరు తలరాత అనుకున్నాను. బల్ల ఎత్తమని ఒక్కడూ చెప్పలేదు!"

కూతురు ఇంజనీరు వైపు ఒక చూపు చూసింది. కొలతలు తీసే చూపు కాదది. అతను చేతిలో స్కేలు జారవిడిచాడు.

ఆ బల్ల చూశాకే ఆమెకి ఇంకో ఆలోచన పుట్టింది. నడుం పోయి పని మానేసిన ఆయమ్మలు ఇద్దరున్నారు, వాళ్ళు వంగలేరు గానీ నిలబడి కుట్టగలరు, బెల్టులు వాళ్ళ చేత కుట్టిద్దాం అంది. అతను మిషన్లకి ఎత్తు స్టాండ్లు చేశాడు. ఆ ఇద్దరూ పిల్లల్లా మురిసిపోతూ వచ్చి కూర్చున్నారు. కూర్చున్నారు కాదు, నిలబడ్డారు.

నాలుగో వారానికి పదకొండు మంది ఆయమ్మలూ బెల్టు విప్పమంటే విప్పడం లేదు. ఇంజనీరు కూడా కొట్టు వదలమంటే వదలడం లేదు. ఆమె మిషన్ తొక్కుతుంటే పెదవుల మధ్య గుండుసూది పెట్టుకుని కుడి కనుబొమ్మ ఎగరేస్తుంది. ఆ కనుబొమ్మ కోసం అతను అవసరం లేని సందేహాలు ఎన్ని అడిగేవాడో లెక్కలేదు.

అయిదో వారం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది.

"అయ్యో, యూనిఫాంలు!" అని కత్తెర పెరట్లోకి పరిగెత్తింది. తడుస్తూ, తీగ మీది బట్టల్ని తిట్టుకుంటూ, జుట్టు మొహానికి అంటుకుపోగా నవ్వుతున్న ఆమెని కిటికీలోంచి చూస్తూ అతను చేతిలో లెక్క మర్చిపోయాడు. ఇవాళ చెప్పేయాలి అనుకున్నాడు. ఈలోగా చేతులకి ఏదో ఒక పని కల్పించాలని బల్ల మీదున్న కొలతల పుస్తకం తిప్పాడు.

అమ్మ పేరు కనిపించింది.

కొలతలు ట్రయల్‌వి కావు. పోయిన ఏడాదివి. 'నడుం బెల్టు. మూడోది. మరీ గట్టి. పక్కలు విప్పి వదులు చేశాను.' కింద 'నాలుగోది. రాయి. పట్టీ తీసేసి పల్చటిది వేశాను.' ఆ కింద అయిదోది. ఆ తర్వాత 'ఆరోది' అని రాసి పక్కన తారీఖులు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది తారీఖులు!

అతను పేజీ మీద వేలు పెట్టి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తన బెల్టులు అమ్మ ఒంటి మీదికి వెళ్ళేముందు ఈ కొట్టుకి వచ్చి వెళ్ళాయి. మూడోదాని నుంచి తను గట్టిగా చేసిన ప్రతిదాన్నీ ఈ అమ్మాయి వదులు చేసింది. నొప్పి తగ్గింది అందుకే. తనేమో గట్టిదనం వల్ల తగ్గిందని గ్రాఫ్ గీశాడు.

బట్టల మూటతో లోపలికొచ్చిన కత్తెర పుస్తకాన్ని చూసింది, అతని మొహాన్ని చూసింది. మూట కింద పెట్టేసింది.

"మొదటి రోజే తెలుసా, నేనెవరో?"

"బెల్టు చూడగానే తెలిసింది. అంత గట్టిగా చేసే మొండిమనిషి ఇంకొకరు ఉండరు కదా!" నవ్వించాలని చూసింది. అతను నవ్వలేదు. "పెద్దాయమ్మ ఒట్టు వేయించుకున్నారు. మావాడు చిన్నబుచ్చుకుంటాడు, చెప్పకు అన్నారు."

"చిన్నబుచ్చుకునేవాణ్ణి! అంతేగా! ఇప్పుడు చూడండి, నా గ్రాఫంతా అబద్ధం. అది చూపించే ట్రయల్ తెచ్చుకున్నాను."

"ఆయమ్మల నడుములు బాగానే ఉన్నాయి కదండీ?"

"మీ చేతి చలవ వల్ల ఉన్నాయి! కాగితం మీద ఏముంది? గట్టిగా చేస్తే నొప్పి తగ్గుతుంది అని ఉంది. రేపు ఇంకెవడో అది చదివి నాకన్నా గట్టి బెల్టు చేస్తే? ఏ ఊళ్ళోనో ఏ అమ్మ నడుమో విరుగుతుంది."

వాన చూరు మీద దడదడా కొడుతోంది.

"చెప్తే మీ గది పోతుంది," అంది చివరికి.

"తెలుసు."

"ట్రయల్ కూడా ఆపేస్తారేమో. మీ అమ్మగారి పని..."

"తెలుసండీ!" అతను తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఒక్కటి చెప్పండి. ఆరోది అంత దరిద్రంగా ఉందా? తొమ్మిదిసార్లు విప్పారు."

"దాని సంగతి నాకూ అర్థం కాలేదు," అంది ఆమె నిజాయితీగా. "ఎంత సరిచేసినా 'ఇంకా ఎక్కడో పట్టేస్తోందమ్మా' అని తెచ్చేవారు. నా చేతికి లొంగని కుట్టు అదొక్కటే."

అతను వానలోనే వెళ్ళిపోయాడు. చెప్పాలనుకున్న మాట చెప్పనే లేదు.

మర్నాడు డైరెక్టరు మేడమ్ ముందు గ్రాఫ్ పెట్టి, దాని పక్కన కొలతల పేజీ ఫొటో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మేడమ్ కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"మీకు తెలియకుండా, మీ ప్రయోగాన్ని, మీ అమ్మగారే..."

"అవును మేడమ్."

"ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. ఇలాంటిది వినలేదు!" ఆమె గ్రాఫ్‌ని పక్కకి జరిపారు. "తప్పు రిపోర్టు ఇచ్చారు కాబట్టి రూల్ ప్రకారం గది రద్దు. రేపటికి ఖాళీ చేయండి."

అతను తలూపాడు. లేవబోయాడు.

"ఇంకా అయిపోలేదు, కూర్చోండి. బెల్టులు ఆయమ్మల దగ్గరే ఉంటాయి, వాటికి రిపోర్టుతో సంబంధం లేదు. పాత కాగితం వెనక్కి తీసుకుని కొత్తది రాయండి. దేనివల్ల నొప్పి తగ్గిందో, అది తెలిసిన మనిషి పేరు కూడా పెట్టి రాయండి. ఇంజనీర్ల గదిలో ఇంజనీరు ఒక్కడే కూర్చుంటే ఏమవుతుందో చూశారుగా? మీకు ఈ గది కాదు కావలసింది, ఆ కొట్టు. మూడు నెలల్లో కొత్త దరఖాస్తుతో ఇద్దరూ కలిసి రండి."

సాయంత్రం అతను గదిలోని సామానంతా ఒక పెద్ద అట్టపెట్టెలో సర్ది నెత్తిన పెట్టుకుని కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. లోపల కత్తెర, మాస్టరుగారు, డ్యూటీ దిగి యూనిఫాంలోనే కూర్చున్న పెద్దాయమ్మ ముగ్గురూ ఒకేసారి తలెత్తారు.

"గది పోయింది," అన్నాడు.

పెద్దాయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. కత్తెర చివ్వున లేచింది. "అంత చెప్పినా విన్నారా? నిజం చెప్పేశారా?"

"చెప్పేశాను. బెల్టులు పోలేదు. కొత్తగా దరఖాస్తు పెట్టమన్నారు, రెండు పేర్లతో. రెండో పేరు మీది రాసేశాను. అడక్కుండా రాశాను, తప్పే."

"దానికేం, నేను..." అనబోయింది ఆమె.

"ఆగండి. అడగాల్సింది ఇంకోటుంది." అతని మొహం పాలిపోయి ఉంది, కానీ మాట మాత్రం ఆగలేదు. "నాకు మీరంటే ఇష్టం. బెల్టులు అమ్ముడుపోకపోయినా, కంపెనీ పెట్టకపోయినా, మీరు రోజుకో బెల్టు నా మొహం మీదే కోసి పారేసినా ఇష్టమే. మనం పెళ్ళి చేసుకుందామా?"

మాస్టరుగారి చేతిలో చాక్ రెండు ముక్కలైంది. కత్తెర గోడకి ఆనుకుంది. ఎప్పుడూ తడుముకోని నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఎర్రబడ్డ మొహంతో పెద్దాయమ్మ వైపు తిరిగింది, ఈయన్ని మీరే ఏదో ఒకటి అనండి అన్నట్టు.

పెద్దాయమ్మ మాత్రం నింపాదిగా కాళ్ళు చాపుకుంది.

"హమ్మయ్య," అంది. "ఇక ఆ ఆరో బెల్టు మోసుకు తిరిగే పని తప్పింది నాకు."

"ఏంటీ?" అన్నారు ఇద్దరూ.

"దాన్ని నేనెప్పుడు కట్టుకున్నాను గనక? అయిదోది ఒంటికి అతికినట్టు కుదిరింది. ఇప్పటికీ అదే కట్టుకుంటున్నా, కావాలంటే చూడండి."

ఇంజనీరుకి నెత్తిన పెట్టె ఉన్న సంగతే గుర్తులేదు. "మరి ఆరోది బ్రహ్మాండంగా ఉందన్నావు?"

"నువ్వు చేశావుగా, బాగుందనక ఏమంటాను?"

"మరి ఇక్కడికి ఎందుకు తెచ్చావు, తొమ్మిదిసార్లు?"

"చేతిలో ఏదో ఒకటి లేకుండా ఎలా రానురా? ఊరికే వచ్చి కూర్చుని, వాళ్ళ పిల్లని కన్నార్పకుండా చూస్తుంటే మాస్టరుగారు ఏమనుకుంటారు? నీ మొండితనానికి ఈ పిల్లే మందు అని మూడో బెల్టుకే అనుకున్నాను. నువ్వు ఆ గదిలోంచి కదిలితేగా! దేవుడు చల్లగా చూసి ఏడోదాని బకిల్ ఊడింది."

మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నాకు నాలుగోసారికే అనుమానం వచ్చింది లెండి," అన్నారు చాక్ ముక్కలు ఏరుకుంటూ.

అప్పుడు పలికింది కత్తెర. ఆశ్చర్యం, కోపం, ఉక్రోషం అన్నీ కలిసి గొంతులోంచి ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"తొమ్మిదిసార్లు విప్పి కుట్టాను దాన్ని! నాకు కుట్టే రాదేమోనని ఏడ్చాను కూడా! మీరు ఒక్కసారి కూడా ఒంటికి చుట్టుకోలేదా, అత్తయ్యా?"

కొట్టులో మిషన్ల చప్పుడు ఆగిపోయింది. స్టాండ్ల దగ్గర ఆయమ్మలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తన నోట్లోంచి ఏ మాట వచ్చిందో కత్తెరకి అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

"జరుగమ్మా, దారివ్వు," అన్నారు మాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆ అబ్బాయి పెట్టె మోయలేక చస్తున్నాడు. నా బల్ల పక్కన చోటుంది, అక్కడ పెట్టించు."

ఆమె జరిగి దారిచ్చింది. అతను మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. చెవిలో ఇంకా ఆ అత్తయ్యా అన్న పిలుపే వినిపిస్తోంది.